జీవమ్మ టీవీ వెనకున్న పెట్టె

కడప,
20 ఆగస్టు 2024.

ఆదోనిలో ఉండే మా బావ సుంకప్పకు, కడప నుంచి కంబన్న రాస్తున్నది.

ఇక్కడ నేను బతికే ఉన్నాను. నా ఇల్లాలు నాగలక్ష్మమ్మ కూడా క్షేమం. అక్కడ నువ్వూ, నీ కొడుకు హనుమేషూ, కోడలు శివలీలా బాగున్నారని, మా చెల్లెలు జీవమ్మ మెల్లమెల్లగా కోలుకుంటోందని విన్నాను. సంతోషం. ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాల్సిన చోట బతికే ఉన్నానని ఎందుకు రాశానో నీకు తెలుసు. తెలియనట్టు ముఖం పెడతావు గనుక, ఆ సంగతి కింద రాస్తాను.

ముందు పని మాట్లాడుకుందాం. జీవమ్మ గదిలో టీవీ వెనక అరచేతిలో పట్టేంత నల్ల పెట్టె ఒకటి నీ కంట పడిందంట. "కేబుల్ సుంకప్ప ఇంట్లో ఇంగొకని పెట్టె యాడిది? ఎవురు తెచ్చినారు? ఊర్లో తెలిస్తే నా మొగాన ఉమ్మేయరా?" అని ఇల్లంతా కేకలేశావంట. హనుమేష్ బళ్ళారి నుంచి రాగానే దాన్ని పీకించి కాలవలో వేయిస్తానన్నావంట.

ఆ పెట్టె నాది. పంపింది నేను. శివలీల పాఠాలు చెప్పే బడి చిరునామాకు పార్శిల్ చేసి, ఎట్లా తగిలించాలో ఫోనులో చెప్పి తగిలింపజేసింది నేను. ఆ అమ్మాయి పెద్దవాడి మాట కాదనలేక చేసింది. ఆమెను ఒక్క మాట అనొద్దు. అనాలనుకున్నవన్నీ నన్ను అను, నాకు అలవాటే.

ఆ పెట్టెను పీకొద్దని అడగడానికే ఈ ఉత్తరం. నా ఫోను నువ్వు ఎత్తవు. నా ముఖం నువ్వు చూడవు. పోస్టుమన్ తెచ్చిన కాగితాన్ని మాత్రం చింపే ముందు ఒకసారి చదువుతావని నీ మీద నాకు నమ్మకం. నువ్వు చెడ్డవాడివైనా కుతూహలం ఉన్నవాడివి. నాకు అడుక్కోవడం రాదు. కాబట్టి ముందు తిట్టి, తర్వాత అడుగుతాను.

నీ లోకల్ ఛానెల్‌లో హనుమేష్ పెళ్ళికి ముందు ఒకరోజు పొద్దున వేసిన శ్రద్ధాంజలి దగ్గర మొదలుపెడతాను. చనిపోయింది పత్తి మిల్లు కంబన్న. పూలదండ మధ్య వేసింది నా ఫోటో. నా పదవీ విరమణకు కాలేజీ వాళ్ళు సన్మానం చేసి, ఆ ఫోటో నీ ఛానెల్‌కు ఇచ్చారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినందుకు నాకు దక్కిన లాభం అదొక్కటే. వెనక షెహనాయి, కింద పరుగెత్తే అక్షరాలు, 'మీరు లేని లోటు తీరనిది'. బతికుండగా నా గురించి ఆదోనిలో ఎవరూ అంత మంచి మాట అనలేదు.

కోసిగిలో మా ఉరుకుందమ్మ అత్త ఆ వార్త విని, సూతకమని తలమీద చన్నీళ్ళు పోసుకుని, జ్వరం తెచ్చుకుని మంచం పట్టింది. నా పాత విద్యార్థులు కడపకు దండలు పట్టుకొచ్చి, తలుపు తీసిన నన్ను చూసి ఏం చేయాలో తెలియక ఆ దండలు నా మెడలోనే వేసి పోయారు. నాగలక్ష్మమ్మ రోజంతా ఫోనులో "లేదమ్మా, ఉన్నాడు, ఈడనే కూచ్చోని పేపరు చదువుతాండాడు, నా ఖర్మ" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది.

నేను నిన్ను కోరింది పెద్ద కోరిక కాదు. అదే ఛానెల్‌లో ఒక్క వరుస: కడపలోని లెక్చరర్ కంబన్న జీవించి ఉన్నారు, పొరపాటుకు చింతిస్తున్నాం. దానికి నువ్వు ఏమన్నావు? "బతికుండేవానికి బతికుండాడని వార్త వేసేదేంది బావా? నువ్వు బజార్లో ఒక తిరుగు తిరిగితే సరిపోదా?" అన్నావు. అంతటితో ఆగలేదు. "కాకి నెత్తిన తన్నితే చుట్టాలకు చావుకబురు పంపిచ్చి ఏడిపిచ్చుకుంటారు గదా, దోషం పోవాలని. అట్లే అనుకో. నీ ఆయుస్సు పెంచినా. నాకు దండం పెట్టాల్సింది పోయి కొట్లాడతాండావు" అన్నావు.

ఆ మాటకు నేను ఇప్పటికీ సరైన జవాబు వెతుకుతున్నాను. శాస్త్రాలూ తర్కమూ చదివినవాణ్ణి, కాకి ముందు ఓడిపోయాను. అది నా బాధ.

అందుకే హనుమేష్ పెళ్ళిలో నాకు మైకు ఇచ్చినప్పుడు, 'స్వర్గస్థుడైన మేనమామగా పైనుంచి వధూవరులను ఆశీర్వదిస్తున్నాను' అన్నాను. పందిరంతా నవ్వింది. పెళ్ళికూతురు శివలీల కూడా తలవంచుకుని నవ్వింది, నేను చూశాను. నీకు మాత్రం అది అపశకునమైంది. భోజనాల దగ్గర అందరిముందూ "నా గడప తొక్కొద్దు, తొక్కితే కాళ్ళు ఇరుగుతాయి" అన్నావు. ఆ రోజు నుంచి నేను తొక్కలేదు. నేను అన్నదానికి ఈ రోజుకూ విచారించడం లేదు. మంచి వాక్యం అది.

ఇవన్నీ మగవాళ్ళ గొడవలు. నువ్వూ నేనూ చచ్చేదాకా లాక్కోవచ్చు, కాలక్షేపం. కానీ ఉగాది ముందర జీవమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయి, మాట పోయిందని తెలిసి నేను పొద్దున బస్సుకు బయలుదేరి, మధ్యాహ్నం ఎండకు ఆదోని చేరాను. నువ్వు గేటు దగ్గర నిలబడినావు. "డాక్టరు ఎవురినీ చూడనీయొద్దన్నాడు" అన్నావు. నువ్వు ఆ మాట అంటుండగానే పాలవాడు నీ పక్కనుంచి లోపలికి పోయాడు, ఇస్త్రీవాడు బయటికి వచ్చాడు. నా చేతిలో ఆమెకిష్టమైన బొరుగుల ఉగ్గాని పొట్లం ఉండింది. దాన్ని గేటు మీద పెట్టి తిరిగి వచ్చేశాను. నువ్వు దాన్ని ఏం చేశావో నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు పుస్తకం తెరవలేదు. మనిషిని గేటు దగ్గర ఆపవచ్చు, మరి ఇంట్లోకి రాకుండా దేన్ని ఆపలేరు అని ఆలోచించాను. గాలి, ఎలుకలు, టీవీ. మొదటి రెండూ నా చేతిలో లేవు.

కడపలో ఏడురోడ్ల దగ్గర పాత కంప్యూటర్లు అమ్మే అంగడి ఒకటుంది. అక్కడ ఒక పాత కంప్యూటరు కొన్నాను. ఇంట్లో సినిమాలూ పాటలూ దాచుకుని ఏ గదిలోని టీవీకైనా పంపే పనికి దాన్ని వాడుకోవచ్చని చదివాను. అందులో టీవీ సిగ్నలు పట్టే కార్డు ఒకటి బిగించుకుంటే, డాబా మీది డిష్ గొడుగులో పడే ఉచిత ఛానెళ్ళు నేరుగా దానిలోకి వస్తాయి. దాన్నుంచి ఇంటర్నెట్ మీద ఎక్కడికైనా పోతాయి. దీనికి కావలసిన ప్రోగ్రాము ఊరికే దొరుకుతుంది. చదవాల్సింది మాత్రం చాలా ఉంది. నాకు చదవడం తప్ప ఇంకేం వచ్చు? పాత కావ్యాల వ్యాఖ్యానాలు ఎట్లా చదివానో వాటినీ అట్లాగే, పక్కన పెన్సిలు పెట్టుకుని చదివాను. చెప్పొద్దూ, ఆ రాసినవాళ్ళకంటే మన వ్యాఖ్యాతలే తేటగా రాశారు.

ఆ కంప్యూటరు పెట్టిన మొదటి రోజే నాగలక్ష్మమ్మ "ఇదేం మిషనబ్బా, జొన్నలు ఇసిరినట్టు సప్పుడు" అంది. మే నెలలో అది ఎండకు తాళలేక మధ్యాహ్నం పూట ఆగిపోతుంటే కూలరు దానివైపు తిప్పాను. "మొగుడు సెమట్లు కారిపోతా ఉంటే పెట్టెకు గాలి" అని ఆమె పక్కింటివాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. గొడుగు మీద కోతులు ఎక్కి ఊగి, దిక్కు మార్చేవి. వాటిని తోలడానికి కర్ర పట్టుకుని డాబా ఎక్కుతుంటే, బడికి పోయే పిల్లలు కింద నిలబడి "తాతా, ఛానెల్ వచ్చిందా?" అని అరిచేవాళ్ళు.

ఏ కార్యక్రమం ఎప్పుడు వస్తుందో తెరమీద చూపించే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని నేను చాలా గర్వంగా తెచ్చి పెట్టాను. సాయంత్రం సీరియలు మధ్యాహ్నమే వస్తుందని అందులో చూసి నాగలక్ష్మమ్మకు చెప్పాను. ఆమె వంట మధ్యలో వదిలేసి వచ్చి కూర్చుంటే ఎరువుల గురించిన కార్యక్రమం వచ్చింది. అసలు సీరియలు వచ్చే వేళకు ఆమె రైతుబజారులో ఉంది. తర్వాత తెలిసింది, ఆ కంప్యూటరు గడియారం ఇంగ్లాండు కాలం మీద నడుస్తోందని. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా నా ఇంట్లో తెల్లవాడి టైము పెట్టుకున్నాను. దాన్ని సరిచేయడానికి చిన్న మీట చాలు. ఆమె అలక తీరడానికి మాత్రం వారం పట్టింది.

ఇక ఆదోనికి పంపడం. అక్కడ వాటిని పట్టి టీవీకి ఇచ్చేదే ఆ నల్ల పెట్టె. మొదట్లో బొమ్మ ముక్కలు ముక్కలుగా పోయేదంట. శివలీల ఫోను చేసి, "పెదనాయనా, దేవుడి మొకం ఒకతట్టు, కిరీటం ఒకతట్టు వస్తాండాది" అని చెప్పింది. బొమ్మ నాణ్యం బాగా తగ్గించి, ధ్వని మాత్రం తగ్గించకుండా పంపాను. ఆ తర్వాత ఆగకుండా వెళ్తోంది. మా జీవమ్మకు చూపుకంటే వినికిడి ముఖ్యమని నాకు అనిపించింది.

ఇంకొక మాట రాస్తే నీకు కడుపు మండుతుంది, అందుకే రాస్తున్నాను. కడప నుంచి బయలుదేరిన ఆ ఛానెళ్ళు మీ ఇంట్లోకి వచ్చేది నీ తీగ మీదే. హనుమేష్ ఇంటింటికీ ఇస్తున్న ఇంటర్నెట్ కనెక్షన్ మీద. గేటు దగ్గర నువ్వు నిలబడినావు. నీ తీగ నాకు తలుపు తీసింది.

బావా, నీ కోపం కూడా నాకు అర్థమవుతుంది. మన వైపు కేబుల్ తీగ అంటే ఉట్టి తీగ కాదు. ఏ ఇంటికి ఎవరి తీగ ఉంటే ఆ ఇల్లు వాళ్ళ మనిషిది. ఎలక్షన్లప్పుడు తీగ చూసి ఓటు లెక్క కట్టినవాళ్ళం. తీగ తెంపుకున్నవాణ్ణి నువ్వు పెళ్ళికి కూడా పిలిచేవాడివి కాదు. అటువంటి నీ ఇంట్లోనే బయటి పెట్టె ఉందంటే బజారులో నవ్వుతారు. కానీ ఆ గదిలోకి బజారు రాదు. ఆ గదిలో ఉండేది జీవమ్మ ఒక్కతే. నువ్వు పొద్దున ఆఫీసుకు పోతావు. శివలీల బడికి పోతుంది. మాట రాని మనిషి గోడ చూస్తూ పడుకుంటే ఆ మాట ఎక్కణ్ణుంచి తిరిగి వస్తుంది? మీ కేబుల్లో వచ్చేవన్నీ అరుపులు. నేను పంపేవాటిలో భజనలున్నాయి, పాత సినిమాలున్నాయి, పొలం పనులున్నాయి. ఆమె పల్లెలో పుట్టిన మనిషి. ఎద్దులూ, వానలూ, శనగ చేలూ చూస్తే ఆమెకు ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు ఆమెకు మాట తిరిగి వస్తోందని విన్నాను. చేయి ఇంకా లేవకపోయినా, రోజుకు నాలుగు మాటలు స్పష్టంగా అంటోందంట. శ్రావణంలో వస్తానని ఉరుకుంద ఈరన్న స్వామికి నువ్వు మొక్కుకున్నందువల్లే అని ఊరంతా చెబుతున్నావంట. చెప్పుకో. నాకు అభ్యంతరం లేదు. నమ్మకాల మీద నేను రాసిన వ్యాసాలు నీకు గుర్తుంటే, నేను ఈ మాట అనడానికి ఎంత పళ్ళు కొరుక్కున్నానో ఊహించుకో. మొక్కు తీర్చుకో. కొబ్బరికాయ కొట్టు. పెట్టెను మాత్రం ఉండనీ.

తిట్టడం అయిపోయింది. ఇది అడగడం. నేను నీ ఇంటికి రాను. గేటు దగ్గరికి కూడా రాను. నీ ఛానెల్‌లో ఏ వరుసా వేయనక్కరలేదు. ఆ కోరిక ఈ ఉత్తరంతో వదులుకుంటున్నాను. జనం నన్ను చచ్చిపోయాడనుకుంటే అనుకోనీ, సన్మానాల బెడద తప్పుతుంది. ఆ పెట్టె మాత్రం ఆ టీవీ వెనకే ఉండాలి. హనుమేష్ వచ్చేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

జీవమ్మకు అన్న ఆశీస్సులు చెప్పు. నువ్వు చెప్పవు, సరే, శివలీల చెబుతుంది. హనుమేష్‌కు, కోడలికి ఆశీస్సులు. నీకు నమస్కారం. వయసులో నాకంటే చిన్నవాడివే అయినా ఆడపడుచును చేసుకున్నవాడివి గనుక పెట్టక తప్పదు.

ఇట్లు,
నీ బావమరిది
కంబన్న

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. పైన రాసినవన్నీ నిజమే. ఒకటి మాత్రం రాయకుండా దాటేశాను. దాన్ని ముందే రాసి ఉంటే నువ్వు ఇంతదాకా చదివేవాడివి కాదు.

ఆ పెట్టెలో ఛానెళ్ళ వరుస కిందికంటా పోతే, చిట్టచివర 'పన్నుల అవగాహన' అని ఒకటి ఉంటుంది. నువ్వు ఎన్నటికీ నొక్కకూడదని ఆ పేరు నేనే పెట్టాను. అది గొడుగులోంచి వచ్చే ఛానెల్ కాదు. కంప్యూటరుకు చిన్న కెమెరా తగిలించి, మా ఇంట్లోంచే వదులుతున్నాను. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు, శివలీల బడి నుంచి రాగానే ఆ ఛానెల్ పెడుతుంది. అందులో కుర్చీలో కూర్చునేది నేను. నీ గడప తొక్కలేదని రాశాను కదా. కాలితో తొక్కలేదు, అంతే. ఎండాకాలం నుంచి రోజూ నీ ఇంట్లోనే ఉన్నాను.

చిన్నప్పుడు జీవమ్మను రెండో తరగతితో బడి మాన్పించారు. పత్తి ఏరడానికి చేతులు తక్కువని. నేను బడి నుంచి వచ్చి, ఆమె పత్తికాయలు వొలుస్తుంటే పక్కన కూర్చుని ఆ రోజు చదివిందంతా ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. ఇప్పుడూ అదే చేస్తున్నాను. పేపరు చదువుతాను. మా అమ్మ చెప్పిన కథలు గుర్తున్నంత మేరకు చెబుతాను. మొదటి నెల అంతా గోడకు చెప్పినట్టే ఉండేది. ఆమె కళ్ళు మాత్రం తెరమీదే ఉన్నాయని శివలీల చెప్పేది. మానకుండా చెబుతూ పోయాను.

ఆషాఢంలో ఒకరోజు, కుంటి ఎద్దును తోలుకుని సంతకు పోయిన ముసలాయన కథ మొదలుపెట్టాను. ఎద్దు పేరు గుర్తుకు రాలేదు. నోటికి వచ్చింది గనుక రాముడని అన్నాను. శివలీల ఫోనులో ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. మంచం మీదినుంచి, బావిలో చేద లాగినట్టు, ఒక్కొక్క మాటే బయటికి వచ్చిందంట: "రాముడు గాదు. మల్లిగాడు. ఇంత సదువుకుంటివి, ఎద్దు పేరు మర్సిపోతివా అన్నా?"

మాట పోయాక ఆమె అన్న మొదటి మాట అది. నువ్వు ఆ రోజు మొక్కుకోవడానికి పోయి ఉరుకుందలో ఉన్నావు. రాత్రి నువ్వు వచ్చేసరికి ఆమె నిన్ను నీళ్ళు అడిగింది, నువ్వు అదే మొదటి మాట అనుకున్నావు. శివలీల నీ సంతోషం చూసి నోరు మూసుకుంది. నేనే మూసుకోమన్నాను. ఆమె మాట్లాడింది, అది చాలు. నా వల్ల మాట్లాడిందని తెలిస్తే నువ్వు ఆ మాటను కూడా గేటు దగ్గర ఆపుతావని భయపడ్డాను.

ఇప్పుడు నీకు అంతా తెలిసింది. పీకాలనుకుంటే పీకు, కానీ ముందు ఆమెను అడుగు. ఆమె జవాబు చెప్పగలదు.

కెమెరా మా ఇంట్లో ఒక్కచోటే ఉంది. నేను మీకు కనపడతాను, మీరు నాకు కనపడరు. మంచం పక్కన ఇంకొకరు వచ్చి కూర్చున్నా నాకు తెలియదు. శివలీలను అడగను.

శుక్రవారం నాడు మీ పెళ్ళి కథ చెప్పబోతున్నాను. ఎద్దుల బండి దిగుతూ పెళ్ళికొడుకు ఎందుకు నవ్వాడో నాకు సగమే గుర్తుంది. మిగతా సగం ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలుసు.